గుమ్మం

సుద్దముక్కలు అయిపోయాయి.
బడి వెనక ఇసకలో వేపపుల్లతో
పాత సెనెగల్‌ని గీశాను:
నది వంపులో వాలో, దాని కింద కాజోర్,
వేరుశనగ తొక్కలు పోసిన చోట సాలుమ్.
రాజులు పోయారు గానీ పేర్లు పోలేదర్రా,
మీ అమ్మమ్మల తిట్లలో ఇంకా ఉన్నాయి.

ఎవరి సీమలో వాళ్ళు నిలబడండి!
బిరాన్ సీన్ రాజ్యంలోకి దూకి
ఫూటా పిల్లల్ని "మా బానిసల్లారా" అన్నాడు.
వాళ్ళూ అదే మాట తిప్పికొట్టారు.
తాతలనాటి బావామరుదుల వేళాకోళం అది,
ఎవరికీ కోపం రాదు.

యాండె ఒక్కతే
గీతలన్నీ దాటి పడమటికి వెళ్ళి
నేనేమీ గీయని చోట నిలబడింది.
"అది సముద్రం, తల్లీ."
"ఔను టీచర్. మా ఇల్లు ఇక్కడే ఉండేది."

పుల్ల పట్టుకుని దగ్గరికి నడిచాను.
"కాస్త జరగండి టీచర్,
గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు."