పోలిక తారలు

ఫ్లాగ్‌స్టాఫ్‌లో నవంబరు.
పైన్ చెట్ల మీద కురవాలో వద్దో
మంచు ఇంకా తేల్చుకోలేదు.
గ్రాజియన్ ఎచమెండీ గుమ్మటం తెరిచాడు,
ఇరుసు ఎప్పటిలాగే మూలిగింది.

ముందు ఒక నక్షత్రం. తర్వాత యురేనస్. మళ్ళీ ఇంకో నక్షత్రం.
ముప్ఫై మూడేళ్ళుగా అదే వరస.
వాళ్ళ తాత ఈ కొండల్లోనే గొర్రెలు కాశాడు,
బాస్క్ భాషలో లెక్కపెట్టుకుంటూ.
"మందని చూసి మంద ఎటు జరిగిందో చెప్పలేవు,
కదలని బండని చూసి చెప్పాలి" అనేవాడట.
గ్రాజియన్‌కి ఉన్నది ఒకే ఒక్క గొర్రె,
ఆకుపచ్చ నలుసు.

ఆ నలుసు పక్కకి ఒరిగి దొర్లుతుంది.
ఒక్కో ధ్రువానికి నలభై రెండేళ్ళ పగలు,
నలభై రెండేళ్ళ రాత్రి.
ఎండ సోకిన కొసన పొగమంచు
పాలు తోడుకున్నంత నిదానంగా పేరుకుంటుంది.
ఇన్నేళ్ళకీ కలిపి మనదాకా వచ్చే తేడా
నూటికి రెండో మూడో వంతులు.
నెప్ట్యూన్ మరీ మొండిది:
దాని ఒక్క వేసవికి
ఒక ఉద్యోగం మొత్తం చాలదు.

లాగ్‌బుక్కులో ఒకచోట: "గాలి. దండగ రాత్రి."
ఇంకోచోట: "కొడుకు పుట్టాడు. ఆకాశం నిర్మలం. పదకొండు కొలతలు."
అది అతని దస్తూరీ కాదు. అంతకు ముందువాడిది.
ఆ ముందువాడికి ముందున్నవాడిది ఒక సిరా మరక.

గీత పైకి వంగుతోంది.
గ్రహం వెలిగిందా? అద్దం మాసిందా?
కొలిచే యంత్రానికి వయసు మీద పడిందా?
అందుకే ఆ రెండు తారలు.
అవి మారకపోతే గ్రహమే మారినట్టు.

ఆ చలికాలం వంటింట్లో అన్నాడు:
"ఈ బల్బు గుడ్డిదైపోయింది, డెనీజ్."
ఆమె మార్చింది. వారానికి మళ్ళీ అన్నాడు.
ఈసారి ఆమె బల్బు జోలికి పోలేదు,
టోపీ తెచ్చి చేతికిచ్చి, కారు తీసింది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు, అంది డాక్టరు.
ఏళ్ళ నాటివి. రెండూ సమానంగా.
అతను కుర్చీలోంచి లేవకుండా చాలాసేపు నవ్వాడు.
సరిచూసుకోడానికి
ఒక్క కన్నైనా మిగల్లేదు మరి.

ఆపరేషన్ అయ్యాక మార్చిలో మెట్లెక్కాడు.
కొత్తగా చేరిన షాండీన్ కొలతలు రాస్తోంది.
యంత్రం తీసే లోపు, గురి చూసే కటకానికి
కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టాడు.
"ఎంత నీలం! ఇంత నీలమా ఇది!"

పెన్సిల్ ఎత్తింది షాండీన్: "రాయమంటారా?"

"వద్దొద్దు. అది నాలో వచ్చిన మార్పు,
దానిది కాదు."
కళ్ళు తుడుచుకుని పక్కకి జరిగాడు.
"ముందు నక్షత్రం మీదికి తిప్పు."