మందసలో జీపెక్కినవాడు

"కొండ మీది ఊరు చూపించు తవిటయ్యా,
పాలస్తీనా అబ్బాయి, నైరలో వ్యవసాయం చదువుతున్నాడు"
అని లాడ్జీ గుమస్తా అతన్ని నా జీపెక్కించాడు.
నాకు తెలిసిన పాలస్తీనా
రాత్రి తొమ్మిదింటి వార్తల్లో పొగ.
ఇతని చొక్కాకి పొగ వాసన లేదు.
చేతిలో గొడుగు, పలాస జీడిపప్పు పొట్లం.

నేను చూపించే వరస ఒకటుంది.
ముందు వాసుదేవుడి గుడి, తర్వాత కోవా కొట్టు.
గుడి గోడని తొందరపడకుండా చూశాడు,
కోవా రెండుసార్లు తిన్నాడు.
మహేంద్రగిరి మీద మబ్బు దిగింది, ఫొటో తీసుకోమన్నాను.
తీసుకోలేదు.
"నాకు రాళ్లు చూపించు" అన్నాడు అరకొర తెలుగులో.
రాళ్లేటి బాబూ,
మా దగ్గర రాళ్లకేటి కరువు!

అడవి చెక్‌పోస్టు దగ్గర వెదురు బొంగు అడ్డం.
నేను బ్రేకు తొక్కేలోపే
పాస్‌పోర్టు, కాలేజీ కార్డు చేతిలోకొచ్చేశాయి.
వీపు నిటారు, చూపు నేల మీద.
దాలినాయుడు నా కట్టలోంచి రెండు బీడీలు లాక్కుని
బొంగెత్తాడు.
కాయితాలు మాత్రం
రెండు మలుపులు దాటినా ఒళ్లోనే ఉన్నాయి.

గూడలో పదకొండిళ్లు.
వాటి పైన మడులు, మెట్లు మెట్లుగా,
సిమెంటు లేదు, సున్నం లేదు,
రాయి మీద రాయి ఒదిగి కూచున్న గట్లు.
అక్కడ దూకేశాడు జీపులోంచి.
జారిపడిన రాయొకటి తీసి
తిప్పాడు, మళ్లీ తిప్పాడు,
దాని ముఖమేదో దొరికాక
సందులో పెట్టి అరచేత్తో చరిచాడు.

చోడి చేలోంచి సవర ఇండమ్మ చూస్తూనే ఉంది.
"ఈ గుంటడి నాయన గట్లు కట్టినోడే" అంది.
అడిగి చెప్పాను, నాయన కాదంట, తాతంట.
"ఎవులైతేటి. సెయ్యి సెప్పేస్తంది."

ఆపైన నాకు పని లేదు,
ఊరు చూపించడం ఆవిడే తీసుకుంది.
ఊట దగ్గరికి నడిపించింది:
బండ నోట్లోంచి వేలెడు ధార,
కింద రాతి తొట్టి, తొట్టిలో గాట్లు పెట్టిన పుల్ల,
ఎవరి వంతు ఎంతవరకో చెప్పే పుల్ల.
అతను గాట్లు లెక్కపెట్టాడు. ఏడు.
"మాకు ఎనిమిది. ఎనిమిది కుటుంబాలు.
నీళ్ల లెక్కలో మా వారానికి ఎనిమిది రోజులు."
నేను తర్జుమా చేశాను.
"ఎనిమిదో రోజుకి పేరేటి?" అందావిడ.
చాలాసేపు ఆలోచించాడు పాపం.

జీడిచెట్టు కింద ఒలీవ గురించి చెప్పాడు:
పచ్చికాయ చేదు, ఉప్పులో నానితే దారికొస్తుంది.
"మా జీడిగింజా అంతే, కాల్సకపోతే నోరు పొక్కుద్ది."
ఇద్దరూ నవ్వారు, నా అవసరం లేకుండానే.

"మీ ఊరొస్తే నాకేటి సూపిస్తావు?"

వేళ్ల మీద లెక్కపెట్టాడు.
ఊట. లోయలో రైలు పట్టాలు.
మేనత్త నూనెలో ఊరేసే గుత్తి వంకాయలు.
ఎదుటి కొండ మీద కొత్తగా లేచిన ఎర్ర పెంకుల ఇళ్లు,
రాత్రంతా ఆరని వాటి దీపాలు.
"ఆ కొండకి ఎల్తావేటి?"
"లేదు. చుట్టూ తిరిగి పోవాలి పట్నానికి.
కన్ను నిమిషంలో పోతుంది, బస్సుకి మూడు గంటలు.
ఒక్కోరోజు పోనివ్వరు."

చెక్‌పోస్టుకి సవరలో మాట నాకు రాదు.
దాలినాయుడు లాంటోళ్లు, తుపాకులతో, అన్నాను.
ఇండమ్మ ముఖం మారింది.
కట్టెలమోపుతో దొరికిన మరిది
మూడు రోజులు ఇంటికి రాలేదని
అప్పుడు చెప్పింది.
పదేళ్లుగా ఈ కొండెక్కుతున్నాను,
నా బీడీలు లాక్కునే దాలినాయుడే తెలుసు నాకు.

దిగేటప్పటికి చీకటి పడింది.
బొంగు ఎత్తే ఉంది, గార్డు లేడు.
పక్క సీట్లో చెయ్యి
జేబు దాకా వెళ్లి, అక్కడే ఉండిపోయింది.
నేను ఆపలేదు.
వేగం మాత్రం తగ్గించాను,
ఎందుకో.