తీగ మీది దుప్పటి

త్రియెస్తే రేవులో పొద్దున్నే
వీధికి అడ్డంగా ఎవరో తెల్లగోడ కట్టేసినట్టు ఓడ.
అమ్మ మెడ వెనక్కి వంచి కిటికీల వరసలు లెక్కపెట్టింది.
పద్నాలుగు దగ్గర ఆగి
"ఎత్తు సరే, నిద్ర పడుతుందా ఇందులో?" అంది.

ఈ టికెట్లు నాన్న ఊపిరితిత్తుల డబ్బు.
మోన్‌ఫాల్కోనె షిప్‌యార్డులో ముప్ఫైయొక్క ఏళ్ళు
ఇలాంటి ఓడల పొట్టల్లో వెల్లకిలా పడుకుని
ఇనుముకి ఇనుము అతికించాడు నేవియో.
రాతినార దుమ్ము భుజాల మీద మంచులా పడేదట.
దులుపుకుని ఇంటికొచ్చేవాడు, దులుపుకున్నంత మేరకు.
కోర్టు పదకొండేళ్ళు ఆలోచించింది.
చెక్కు వచ్చేసరికి సంతకం పెట్టాల్సినవాడు లేడు.
"బ్యాంకులో దాస్తే రాత్రిళ్ళు దగ్గుతుంది,
ఖర్చు పెట్టేయండి" అంది అమ్మ.
అలా అయిదుగురం, రెండు గదులు, ఏడు రాత్రులు.

కార్డు మీదికి ఫోటో అట. కుర్రాడు నవ్వమన్నాడు.
అమ్మ నవ్వలేదు.
ముందుపన్ను ఊడినప్పటి నుంచీ కెమెరాకి ఆమె బాకీ.

గదికి కిటికీ లేదు, చవకది.
తుల్లియో ఉరికి వెళ్ళి పరదా లాగాడు, వెనక గోడ.
"సముద్రం ఏది?"
ఏడేళ్ళవాడి గొంతులో ఆ ప్రశ్న మమ్మల్నందర్నీ దోషుల్ని చేసింది.
ద్రాగో గబగబా టీవీ పెట్టాడు.
ఓడ ముక్కు మీది కెమెరా నుంచి, ఇరవైనాలుగు గంటలూ, సముద్రం.
ప్రస్తుతానికి అందులో రేవుగట్టు, ఒక లారీ,
సిగరెట్టు తాగుతున్న ఇద్దరు మనుషులు.
వాడు మంచం అంచున కూర్చుని ఆ సిగరెట్టు అయ్యేదాకా చూశాడు.

మిర్నా సిగ్నల్ కోసం ఓడంతా తిరిగొచ్చి
ఎనిమిదో అంతస్తులో పియానో పక్కన ఒక గీత దొరికిందని చెప్పింది.
మధ్యాహ్నం భోజనాల హాల్లో
ఎవరూ అడక్కుండానే అన్నీ ఉన్నాయి.
అమ్మ రెండు రొట్టెలు రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.
"మళ్ళీ నాలుగింటికి పెడతారమ్మా."
"పెడతారులే. నేను దాచుకుంటే వాళ్ళకేం?"

సైరన్. ఏడు పొట్టివి, ఒకటి పొడుగుది.
అందరం నారింజరంగు జాకెట్లలో, ఉబ్బిన బొమ్మల్లా వరసగా.
ఎవరో సెల్ఫీ దిగుతున్నారు, ఎవరో ఈల ఊది చూస్తున్నారు.
అమ్మ మాత్రం గుమ్మం వైపు తిరిగి నిలబడిపోయింది.
ఆ కూతకి షిఫ్టు వదిలేవారు,
ఆ కూతకి ఆమె బంగాళదుంపలు పొయ్యి మీద పడేసేది.
నేను భుజం తట్టాక బెల్టు బిగించుకుంది,
తప్పు కొక్కేనికి.

సాయంత్రం కదిలాం.
కదిలామని ఒంటికి తెలీలేదు. ఊరే వెనక్కి జరిగింది.
వెనక డెక్కు మీద జనం, బ్యాండు, కాగితపు టోపీలు.
ద్రాగో బైనాక్యులర్స్ ఒకరి తర్వాత ఒకరం లాక్కున్నాం.
కుడివైపు దూరంగా మోన్‌ఫాల్కోనె క్రేన్లు
ఆకాశానికి వేలాడదీసిన కొక్కేల్లా ఉన్నాయి.
అమ్మ అటు తిప్పలేదు.
సాన్ జాకొమో గుట్ట మీదికి తిప్పి, మా మేడ వెతుక్కుని,
"అయ్యో" అంది.

"ఏమైంది?"
"దుప్పటి. తీగ మీదే వదిలేశా."

నిజమే. నాలుగో అంతస్తు, తెల్లటి ముక్క,
గాలికి లేస్తూ పడుతూ.
తుల్లియో బైనాక్యులర్స్ లాక్కుని
"అమ్మమ్మా, మనకి చెయ్యి ఊపుతోంది!" అని
రెండు చేతులూ ఊపాడు.
వాడిని చూసి పక్కనున్న ముసలాయన ఊపాడు.
ఆయన్ని చూసి ఆయన భార్య.
ఎవరికో ఏమిటో తెలియకుండానే
ఒక వరస వరసంతా
మా మంచం దుప్పటికి వీడ్కోలు చెప్పింది.
అమ్మ నవ్వింది, పన్ను లేని చోటుతో సహా.
కెమెరా ఎవరి చేతిలోనూ లేదు.

రాత్రి గదిలో, దీపం ఆర్పాక,
ఆమె పెళ్ళి ఉంగరంతో గోడ మీద కొట్టడం వినిపించింది.
టక్. కాస్త జరిగి, టక్.
అతుకు కోసమేమో. ఈ ఓడ నాన్నదో కాదో ఎవరికీ తెలీదు.
అడగలేదు నేను.
టీవీలో సముద్రం నల్లగా, ఏమీ లేకుండా సాగుతోంది.
తుల్లియో దాని ముందే నిద్రపోయాడు.

చాలాసేపటికి అమ్మ గొంతు:
"రేపు బోరా గాలి ఉందేమో ఫోనులో చూడవే."
సిగ్నల్ లేదన్నాను.
"రెండు క్లిప్పులే పెట్టా" అంది, చీకట్లోకి.