కమాను కట్ట

ఆటోనగర్లో ముప్ఫై ఏళ్లు
లారీల కింద వెల్లకిలా పడుకుని
వాటి నడుములు సరిచేశాను.
ఇప్పుడు నా నడుంలో నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు.
సూర్యారావుపేట డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూపిస్తే
బిగింపు బాగానే ఉందనుకున్నాను.
వాషర్లు వేశారా అని అడగబోయి ఊరుకున్నాను.

ఎముక సంగతి సరే.
కండ గురించి ఎవరూ చెప్పలేదు.

తెల్లారుజాము మూడింటికి
గుణదల వైపు గూడ్సు బండి పోయే వేళకి
కుట్టుకి ఎడమ పక్కన, బెత్తెడు మేర,
తడి గుడ్డని ఎవరో పిండుతున్నట్టు మొదలవుతుంది.
అరిస్తే పరీక్షలున్న పిల్ల లేస్తుంది.
దిండు కొస పళ్ల మధ్య పెట్టుకుని
పెట్టెలు లెక్కపెడతాను.
నలభై రెండో పెట్టె దగ్గర
ఆ పిండే చేతులు కాస్త అలిసిపోతాయి.

రహమత్‌బీ వేడినీళ్ల సంచి తెస్తుంది.
నన్ను దొర్లించడం ఇప్పుడు చేతికొచ్చిన పని తనకి:
భుజం, తుంటి ఒకేసారి,
తలుపుచెక్క తిప్పినట్టు, మెలి పడకుండా.
కుట్లు ఎలా ఉన్నాయే అంటే
"మీరు వేసే వెల్డింగు కంటే నయం" అంటుంది.

ఆరో వారానికి పదకొండు స్తంభాలు నడిచాను.
మా సందు మొదలు నుంచి బందరు కాలవ గట్టు దాకా
కరెంటు స్తంభాలే నా మైలురాళ్లు.
పదకొండోదాని పక్కన టీ బండి.
నిలబడే తాగాను, కూర్చుంటే లేవలేనని.
ఆ టీ రుచి చెప్పను, దిష్టి తగిలింది దానికే.

మర్నాడు తుమ్మొచ్చింది.
బరువెత్తలేదు, వంగలేదు, మెట్టు జారలేదు.
పక్కింట్లో ఎండు మిరపకాయలు వేయించారు.
ఒక్క తుమ్ము
ఆరు వారాలని ఎత్తుకుపోయి కాలవలో పారేసింది.

డాక్టరు మళ్లీ ఫిల్ము చూశాడు.
స్క్రూలు కదల్లేదు, కండ బిగుసుకుంది, అంతే అన్నాడు.
ఆటోలో ఇంటికొస్తుంటే
బెంజి సర్కిల్ నుంచి పటమట దాకా ప్రతి గుంటా
అంతే, అంతే అంది.

మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను.
నడుం కట్టుకో, నడుం బిగించు అంటూ
చూడొచ్చిన ప్రతివాడూ ఓ మాట అనేసి పోయాడు.
కట్టుకున్నాను కదరా, నాలుగు పట్టీల బెల్టు,
ఇంకేం బిగించను?

ఫిజియో అమ్మాయి సువార్త వచ్చింది.
నేను గోడకేసే చూస్తున్నా
మంచం పక్కన నేల మీద చతికిలబడి
"మడమ జరపండి బాబాయ్, అంగుళం చాలు" అంది.
అంగుళం విలువ నాకు చెప్పాలా?
నూలుపోగు తేడా వస్తే బండి పక్కకి లాగేస్తుంది.
జరిపాను.
పాదంలో చీమలు పాకాయి. అవి మంచివేనంది.

ఆ సాయంత్రం షెడ్డు నుంచి యోబు ఫోను:
"మస్తాన్ భాయ్, మొన్న కొత్త పట్టీ వేసిన బండి
మళ్లీ విరిగొచ్చింది, డ్రైవరు బూతులు తిడుతున్నాడు."
"ఎంత లోడేశాడు?"
"గేటు దాటిన పూటే ఇరవై టన్నుల కంకర."
ఎన్నిసార్లు మొత్తుకున్నాన్రా ఆ డ్రైవర్లతో,
కొత్త పట్టీ పాతవాటితో సర్దుకోవాలి,
వారం ఖాళీగా తిప్పాలి,
మళ్లీ తెచ్చి బోల్టులు బిగించుకోవాలి,
అలా రెండోసారి షెడ్డుకి రావడమే దాని పద్ధతి అని...
చెబుతూ చెబుతూ ఆగిపోయాను.
రహమత్‌బీ గుమ్మంలో నిలబడి
కొత్తిమీర కట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఇవాళ రెండు స్తంభాలు.
మూడోదాని నీడలో కుక్క,
వెనక్కాళ్లు చాపి, వెన్నంతా విల్లులా సాగదీసి
ఆవలించి మళ్లీ పడుకుంది.
కాసేపు దాన్ని చూసి కుళ్లుకున్నాను.
లేపడం ఎందుకులే అని వెనక్కి తిరిగాను,
ఒక చెయ్యి గోడ మీద,
ఒకటి ముక్కు మీద.