గుర్రాలోడు

అప్పట్లో నన్నందరూ గుర్రాలోడనేవారు.
బెజవాడలో, ఏలూరు కాలవ పక్క రేకుల హాల్లో
తెర వెనక గోనెపట్టా మీద గొంతుక్కూచుని
రెండు కొబ్బరి చిప్పలతో
నలభై గుర్రాల్ని తోలేవాణ్ణి.
ఇసక దారైతే చిప్పలకి పాతగుడ్డ.
రాతి బాటైతే ఒట్టి చిప్పలు.
ఏరు దాటుతుంటే బకెట్లో చెయ్యి.

తెర పక్కన పానకాలుగారు,
మంగళగిరి మనిషి, బుగ్గన కరక్కాయ ముక్క.
బొమ్మకి నోరు లేని రోజులు,
ఆ నోరు ఆయనది.
"అదుగో, చేటంత టోపీ, తేలుకొండి మీసం!
దోచుకోవడానికొచ్చి
ముందు దణ్ణం పెట్టే దొంగని ఎక్కడన్నా చూశారా?
ముసలమ్మ ఉంగరం ముసలమ్మకే ఇచ్చేశాడు.
దొరల బంగారం మటుకు
కొండపల్లి కొండ దాటేసింది!"

ఆఖర్న తుపాకి మూతి దగ్గర కాస్త పొగ లేచేది.
వాడు ఒరిగేవాడు.
నేల టికెట్టు మొత్తం ఊపిరి బిగబట్టేది.
పానకాలుగారు కర్రతో తెరని తట్టి
"పడ్డాడనుకున్నారా, పిచ్చి తండ్రుల్లారా?
గుండు చెవి పక్కనించి పోయింది" అనేవారు.
నేను మెల్లిగా, దూరంగా, ఇంకా దూరంగా
చిప్పలు మోగించేవాణ్ణి.
నాలుగేళ్ళలో పదకొండుసార్లు కాల్చారు వాణ్ణి.
మా హాల్లో ఒక్కసారీ చావలేదు.

ఆ తర్వాత మద్రాసు మెయిల్లో
కుడితిగోలెమంత బాకా దిగింది.
మొదటాట.
తెర మీద తలుపు కిర్రుమంటే
జనం వెనక్కి తిరిగి మా తలుపు చూశారు.
పెనం మీద ఏదో చుయ్యిమంది.
"ఉల్లిపాయలేనంటావా?" ఆడాళ్ళ వైపునించి గాజుల మునెమ్మ.
వాడు మాట్లాడాడు.
ముక్క అర్థమయితే ఒట్టు.
అయినా ఆ గొంతుకి
బెల్లం పాకం కారినట్టు ఓ జార్పు ఉంది.
"ఏమంటున్నాడండీ పానకాలుగారూ?"
ఆయన నోరు తెరిచారు.
కృష్ణ వంతెన మీద రైలు పోతుంటే
కింద పడవలోవాడి కేకలా అయిపోయింది ఆయన గొంతు.

గుర్రాలు వచ్చాయి, తమ డెక్కలు తామే తెచ్చుకుని.
నా చేతులు ఒళ్ళో ఉండిపోయాయి.

తుపాకి ఈసారి నిజంగా పేలింది.
రేకుల మీద పావురాలు లేచాయి,
ఎవరి పసిబిడ్డో గుక్కపట్టింది.
వాడు పడ్డాడు.
పడ్డ చప్పుడూ వినిపించింది,
మిరపకాయ బస్తా బండి మీంచి దింపినట్టు.
ఆ చప్పుడికి
పానకాలుగారి దగ్గర మాట లేదు.

జట్కా కాసిం లేచి నిలబడ్డాడు.
"అయితే ఇన్నాళ్ళూ
మాకు అబద్ధం చెప్పావా అయ్యా?"

తెర తెల్లబడింది.
బాకాలో ఒట్టి గాలి బుస.
ఎవరూ కదల్లేదు.
ఎవరూ నన్నడగలేదు కూడా.
చిప్పలు చేతిలోకి ఎలా వచ్చాయో తెలీదు,
ఒకటి పగుళ్ళిచ్చింది,
టక్కు, టిక్కు... టక్కు, టిక్కు...
కాసిం తల పక్కకి వాల్చి విన్నాడు.
పాతికేళ్ళు గుర్రాల వెనక కూచున్న చెవి అది.
"కుడి ముందుకాలు లాడం వదులైంది" అన్నాడు.
కాసేపాగి,
"అయినా మంగళగిరి దాకా లాగుద్ది."
అప్పుడు పానకాలుగారు దగ్గారు, కరక్కాయ ఉమ్మేశారు.
"విన్నారుగా. ఇక ఇళ్ళకి పొండి."

రాత్రికి రాత్రే ప్రొప్రయిటరు లెక్క తేల్చేశాడు,
నాకు ముప్పావలా, ఆయనకి రెండున్నర.
కాలవ వంతెన మీద నడుస్తున్నాం.
నా చేతులు ఊరుకోవు కదా.
అవతలి గట్టునించి లాంతరు లేచింది.
"ఎవడ్రా అది, ఈ వేళప్పుడు గుర్రమ్మీద?"
కానిస్టేబులు.
నేను పారిపోదామనుకున్నా.
పానకాలుగారు ఆగారు,
తలపాగా తీసి, నడుం దాకా వంగి
లాంతరుకి ఓ దణ్ణం పెట్టారు.