తరుగు

రేణిగుంట రోడ్డులో షోరూమ్ అద్దాల వెనక
ఎర్రకారు. రెండే తలుపులు, రెండే సీట్లు.
నేలకు జానెడు ఎత్తున నక్కి ఉండాది,
ఎలక మీదికి దూకబోయే పిల్లి మాదిరి.
"కాయల బాక్సు యాడ పెడతావు?" అంది మా ఇంటామె
పొద్దున నేను బయలుదేరతా ఉంటే, నవ్వాపుకోలేక.

యాభైమూడేళ్లు నాకు. మోకాలు సరిగ్గా వంగదు.
లోపలికి దిగడానికే ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.
అయినా స్టీరింగ్ మీద చెయ్యేస్తే
దామలచెరువు మండీలో ముప్పయ్యేళ్లు
ఊరోళ్ల లారీలకు తాళ్లు బిగించిన చెయ్యి
ఒక్కసారిగా తేలికయింది.

సేల్స్ అబ్బోడు కాగితం ముందుకు తోసినాడు.
బండి ధర. దాని కింద రోడ్డు టాక్సు.
దాని కింద వాళ్లే చేయించే ఇన్సూరెన్సు,
టెఫ్లాన్ పూత, కాళ్ల కింది పట్టాలు.
అన్నిటికంటే అడుగున, చీమంత అక్షరాల్లో
హ్యాండ్లింగ్ చార్జీలు, పద్దెనిమిది వేల ఐదునూర్లు.

"ఇదేమప్పా?"
"అందరికీ ఉండేదే సార్."

నవ్వొచ్చింది. ఆ మాట నాది.
టన్నుకు యాభై కిలోలు కొట్టేసి
రైతు నోరు తెరిచే లోపల నేను చెప్పే మాట.
మా మండీలో దాని పేరు తరుగు.

సరే, బేరమంటే నా ఇంటి భాష.
బానెట్ ఎత్తించి నంబరు చదివించినా.
తయారైంది కార్తీకంలో. ఇప్పుడు జ్యేష్ఠం పోతా ఉంది.
"ఏడు నెలలు మగ్గిన కాయకు
కోసిన దినం రేటు ఎట్ల చెప్తావు?
ఇన్సూరెన్సు చిత్తూరులో నా మేనల్లుడు
అరవై వేలు తక్కువకు రాస్తాడు.
పూత వద్దు, మా దుమ్ముకు ఏ పూతా ఆగదు.
పట్టాలు ఊరికే ఇయ్యి."
వాడు మేనేజరు గదిలోకి పొయ్యి వచ్చినాడు. మళ్లీ పొయ్యినాడు.
లోపల మనిషి ఉండాడో లేడో.
నా మండీలోనూ ఉండాది అట్లాంటి గది,
ఖాళీ కుర్చీతో.

మూడో కాఫీకి విసుగేసి
భుజం మీది టవల్ తీసి వాడి చేతి మీద కప్పినా.
తమాషాకే. ఈ కాలం పిల్లోడికేం తెలుసులే అని.
టవల్ కింద వాడి చెయ్యి
నా రెండు వేళ్లు పట్టుకోని గట్టిగా అదిమింది.
రెండు లక్షలు తగ్గింపు. అంతే.
ముఖంలో ఒక్క నరం కదల్లేదు.

"ఎవురబ్బాయివి?"
"ఐరాల పక్కన, సార్. చెంగల్రాయులు కొడుకును.
మా నాయిన మీ మండీకే తోలేవాడు తోతాపురి."
వానలెట్లుండాయంటే చెప్పినట్టు చెప్పినాడు.

చెంగల్రాయులు.
కిలో నాలుక్కి పడిపోయిన ఏడు
దించాలా, వెనక్కి తోలుకోని పోవాలా అని
లోడు పక్కన రెండు పూటలు నిలబడినోడు.
టవల్ కింద నాలుగు వేళ్లు అడిగినాడు.
నేను మూడే అదిమినా.
ట్రాక్టరు బాడుగన్నా రానీ సామీ, అన్నాడు.
ఆ దినం తరుగు కూడా వదల్లేదు నేను.

ఏసీ గాలికి టవల్ కొస ఊగతా ఉండాది.
ఇంకో వేలు వస్తుందని నాకు తెలుసు.
నెలాఖరు. వాడి లెక్కకు ఒక బండి తక్కువ,
ఇందాక ఫోన్లో గొణిగితే విన్నా.
లేచి గడప దాకా పోతే చాలు.

లేచినా.
మోకాలు కలుక్కుమంది. మళ్లీ కూర్చున్నా.
"రెండుకే రాయి."

వాడు రాసి, నేను మళ్లీ అడక్కముందే
హ్యాండ్లింగ్ చార్జీల మీద గీత కొట్టినాడు.
"ఇది అడిగినోళ్లకు తీసేస్తాం సార్."

అడిగినోళ్లకు.
చెంగల్రాయులూ అడిగినాడే.

వారం తర్వాత బండి తెచ్చుకునే దినం
వాడే వంగి, నాలుగు చక్రాల కింద
నాలుగు నిమ్మకాయలు పెట్టినాడు.
"వీటికెంత?" అన్నా, అలవాటు కొద్దీ.

"మా తోటవే సార్.
మామిడి కొట్టేసి నిమ్మ పెట్టినాం."

బండి కదిలించడానికి
కొంచేపు పట్టింది నాకు.