బతుకచ్చినోళ్లు

పేపర్ల వలస అని రాస్తరు.
మా నోట్లె ఆ మాట తిరుగదు.
బతుకబోయిండు అంటం,
బతుకచ్చిండు అంటం.
మొదటి మాటకు కండ్లనీళ్లు తీసేది మేమే,
రెండో మాటకు మూతి తిప్పేదీ మేమే.

నేనూ తిప్పిన. అబద్ధమెందుకు.

పోయినేడు ఆషాఢం ఆఖర్ల
కాకతీయ కాల్వకు నీళ్లిడిసిన మూడో దినం
కమలాపూర్ తొవ్వల డీసీఎం ఆగింది.
పన్నెండు మంది దిగిండ్రు, అందరూ మొగోళ్లే.
నాటంటే ఆడోళ్ల నడుములని
పుట్టినకాన్నుంచి నమ్మినదాన్ని,
లుంగీలెగ్గట్టి బురదల దిగుతున్న మీసాలను చూసి
కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన.

కొంరవ్వ ముఠా నవ్వలే.
ముప్పై ఏండ్లు నా మడిల వంగిన నడుములవి.
సగం ఇప్పుడు వంగితే లేవయి,
సగం పత్తికి, మిరుపకాయకు పోతయి.
అయినా పిలువలేదన్న బాధ ఉంటది గదా.
కొంరవ్వ ఒడ్డు మీద నిలవడి చూసి
ఒక్క మాట అనకుంట పోయింది.
ఆ అనని మాట నాకింకా వినవడుతది.

వాళ్లు సుతిలి పట్టి నాటేసిండ్రు,
ఇటో కట్టె, అటో కట్టె, నడుమ తాడు.
మా సాలు పాట ఎంబడి వొంకర పోయేది,
వీళ్ల సాలు కొత్త కాపీల గీతలెక్క.
పాట లేదు. అదొక్కటే లోటు.
కానీ ఏ రాజ్యమోళ్లైనా
నాటేసేటోళ్లు ఎనుకకే నడుస్తరు,
ముందల పచ్చగైతుంటే
ఎనుక ఏమున్నదో చూడకుంటనే అడుగేస్తరు.

"చారా! చారా!" అని ఒకడు కేకేసిండు.
పొద్దు నెత్తిమీదికొచ్చింది, ఆకలైతుందేమో అనుకున్న.
గింత సిగ్గులేకుంట అడుగుడేందని గునుసుకుంటనే
ఇంటికి ఉరికి
పొయ్యి మీది చారు గిన్నె పట్టుకచ్చిన.
వాడు తెల్లమొకమేసిండు.
మేస్త్రి రఫీకుల్ హిందీల ఇడమర్సి చెప్పిండు:
వాళ్ల భాషల చారా అంటే నారట,
కట్టలు అందియ్యమన్నడట.

ఇగ నవ్వుడు మొదలైంది చూడు,
బురదల కూలవడి నవ్విండ్రు.
తర్వాత గిన్నె ఒడ్డు మీద వెట్టి
దోసిట్ల పోసుకొని తాగిండ్రు,
కరియేపాకు సుత మిగలలే.
హాబుల్ అని ఒకడు, ఇరువై ఏండ్లు ఉంటయో లేవో,
ఇంకింత పులుపుండాలె అని సైగ చేసిండు.
చూసిండ్రా, నా చారుకే వంక!
ఆ దినం నుంచి నా పేరు చారు మాసి.

రాత్రి పండుకుంటే భీవండి యాదికొచ్చింది.
పందొమ్మిదేండ్లు సాంచాలు నడిపిండు మా ఆయన ఆడ.
ఒక వానకాలం జరమొచ్చి
ఖోలిల ఒక్కడే పడి ఉంటే
పక్క ఖోలి ముసలమ్మ పదకొండు దినాలు గంజి పోసిందట.
ఆమె మాట ఈయనకు రాదు, ఈయన మాట ఆమెకు రాదు.
పేరన్న అడుగలేదా అంటే
"గంజి తాగేటప్పుడు పేరెట్ల అడుగుతరే" అనేటోడు.
ఆయన పోయి ఆరేండ్లు.
ఆ పేరు మా ఇంట్ల ఎవలకు తెల్వది.

ఇప్పుడు మా కిరాణంల ఆవనూనె దొరుకుతది.
కార్తీకంల రైసుమిల్లు బీహారోళ్ల ఆడోళ్లు
కాల్వల నడుము లోతు నిలవడి పొద్దుకు మొక్కుతరు.
మా పోరలు మొదాలు ఫొటోలు తీసిండ్రు,
నిరుడు చెరుకుగడలు మోసుకచ్చిచ్చిండ్రు.
కొంరవ్వ మాత్రం నాతోటి ఇంకా సక్కగ మాట్లాడది.
దాని కోపం దానిది, కాదనను.

మొన్న పొద్దుమూకినంక ఫోను.
ముర్షిదాబాద్ నుంచి హాబుల్.
వాళ్ల ఊరు గంగ ఒడ్డేనట,
మేము గోదారిని గంగ అనే అంటం.
వచ్చీరాని తెలుగుల ఒక్కటే అడిగిండు:
"మాసీ, కాల్వ నీల్లు ఒచ్చినయా?"

ఇంకా ఇడువలే బిడ్డా అన్న.
చారా పోసిన, ఎదుగుతున్నది అన్న.
మూలమడి కొంరవ్వోళ్లకు ఇడిసిపెట్టిన,
ఒస్తదో రాదో అన్న.
వానికి ఏ సగం అర్థమైందో,
"చారా? చారు?" అని నవ్విండు.

పులుపు ఎక్కువేస్త తియ్ అని
ఫోను పెట్టేసిన.